ఈ బ్లాకుది కాని హెడ్డు

ఆ హెడ్డు ఆ బ్లాకుది కాదు. ఆ సంగతి షాలేమ్‌కు తెలుసు.

ఇంజన్‌లో కింది దిమ్మ బ్లాకు, దాని మీద మూతలా కూర్చునేది హెడ్డు. నాన్న కారుది పగులిచ్చిందని ఈ వారమే ఇంకోటి తెచ్చాడు. బోల్టు రంధ్రాలన్నీ సరిగ్గా కూర్చుంటాయి. ఎవరు చూసినా కవలలే అంటారు. తేడా అంతా చివరి సిలిండర్ పక్కనున్న నీళ్ళ దారిలో ఉంది. ఈ హెడ్డులో అది కాస్త పక్కకు జరిగింది. బిగించి నడిపితే నీళ్ళు పోయి ఆయిల్‌లో కలుస్తాయి. అంతటితో ఇంజన్ పని సరి.

నాన్న లూకాకు చెబుదామంటే నోరు పెగలదు. రెజిమెంటల్ బజార్‌లో సగం ఇంజన్లు ఆయన చేతిలో పడి లేచినవే. షాలేమ్‌కు పని నేర్పిందీ, తప్పు చేస్తే స్పానర్‌తో వేళ్ళ మీద కొట్టిందీ ఆయనే. ఆ కారంటే ఆయనకు ప్రాణం. రేపు ఆదివారం మనవరాలు ఎమిలీని పక్కన కూర్చోబెట్టుకుని, యాప్రాల్ చర్చికి తానే నడుపుకుంటూ పోతానంటున్నాడు. తన కూతురు ఆ కారెక్కుతుందన్న ఆలోచన షాలేమ్‌ను వదలడం లేదు.

“ఏందిరా, గాస్కెట్ పెట్టి చూసినవా?” అన్నాడు లూకా.

“చూసిన డాడీ. అన్నీ కలిసినయ్.”

లూకా ఒకరి మాట నమ్మే మనిషి కాదు. రెంటి మధ్యా వేసే ఆ గాస్కెట్ రేకును పరిచి, ఒక్కో రంధ్రంలో వేలు పెట్టి చూస్తేగాని బోల్టు ముట్టనివ్వడు. ఆయన వేలు ఒక్కో రంధ్రమే దాటుకుంటూ చివరి సిలిండర్ వైపు వస్తోంది. దేవా, ఈ ఒక్కసారికి, అనుకున్నాడు షాలేమ్.

అంతలో షాలేమ్ భార్య దేవకృప టీ తెచ్చి మామగారి చేతిలో పెట్టింది. చల్లారిపోతుందని పట్టుబట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది. ఆయన టీ తాగి, కోడలికి పాత కబుర్లు చెప్పేలోపు షాలేమ్ హెడ్డును బ్లాకు మీదికి దించి బోల్టులు బిగించేశాడు.

ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. లూకా ముఖం వెలిగిపోయింది. ఆ శబ్దం సాఫీగా సాగుతున్నకొద్దీ షాలేమ్‌కు చెమటలు పట్టాయి.

“జెర రేసు ఇయ్యి,” అన్నాడు లూకా.

ఇచ్చాడు. తెల్లటి పొగ షెడ్డంతా కమ్మింది. లోపల ఏదో దబదబ కొట్టుకుని ఇంజన్ పట్టేసింది. ఆయిల్ పుల్ల తీసి చేతికిస్తే, లూకా దానికంటిన నురగను వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, అక్కడే కూలబడ్డాడు.

“బ్లాకు సుత పోయింది. ఇది ఇంక యాడ దొరకది.” మెల్లగా అన్నాడు. “నా కొడుకువై ఇంత తప్పు ఎట్ల చేసినవ్‌రా?”

షాలేమ్ తల వంచుకుని ఏడ్చేశాడు. దేవకృప అతని భుజం మీద చెయ్యి వేసింది.

పోయిన ఆదివారం చర్చి గేటు ముందు నిలబడ్డ ఎమిలీ మీదికే కారు పోనిచ్చి, దేవకృప పిల్లను పక్కకు లాగేశాక కూడా “గేటు కాడ ఎవరన్న ఉన్నరా?” అని అడిగిన నాన్నకు, చూపు పోయిందని చెప్పే ధైర్యం లేకనే, షాలేమ్ ఆ సరిపోని హెడ్డును స్క్రాపు దుకాణాల్లో వెతికి వెతికి తెచ్చాడు.