ఎర్ర కొమ్ముల తెర

"అసలు అది ఈవిడ గడపకు రావాల్సిన మేకే కాదమ్మా!" అని పక్క గుడారం ముసలి ఒసోన్ పకపకా నవ్వేసరికి, పులిసిన గుర్రపు పాలు పోస్తున్న సెయిల్ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

నారిన్ పట్నం రేడియో నుంచి వచ్చిన నూర్జమాల్ మైకు అతని వైపు తిప్పింది. జనం మరిచిపోయిన పాత ఆటల ముచ్చట్లు పోగేసుకుంటూ కొండలన్నీ తిరుగుతోంది ఆ పిల్ల. సెయిల్ మొగుడు కెరిమ్‌బాయ్ ఒకప్పుడు మేకపోరులో మొనగాడని ఎవరో చెప్పారట. పొద్దుటి నుంచి గుడారంలో ఒకటే సందడి.

"సరిగ్గా చెప్పు తాతా."

"ఏముందే తల్లీ! గుర్రాల మీద కుమ్ములాడి మేక కళేబరాన్ని లాక్కున్నవాడు, చివరికి దాన్ని తనకు నచ్చిన గడపలో పడేస్తాడు. ఆ ఇంటివాళ్లు అందరికీ విందు పెట్టాలి. పెళ్లికాని కుర్రాడు ఈడొచ్చిన పిల్ల గడపలో పడేశాడంటే ఇంక చెప్పేదేముంది, పిల్లనడిగినట్టే. ఈ కెరిమ్‌బాయ్‌గాడు బురుల్ అనే పిల్ల కోసం పడి చస్తున్నాడని మా గొర్రెలక్కూడా తెలుసు. ఆ ఏడు గెలిచాడు. మేకను తొడ కింద నొక్కిపట్టి దౌడు తీసుకుంటూ వచ్చాడు, వచ్చాడు... సెయిల్ వాళ్ల గడపలో పడేశాడు!"

"అదేంటి?"

"గుడారాలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. గడపకు వేలాడే ఉన్ని తెరను బట్టే ఎవరిదో పోల్చుకుంటాం. బురుల్ వాళ్లది ఎర్ర పొట్టేలు కొమ్ముల తెర. వానకు తడిసిందని బయట ఆరేస్తే, ఈ మహాతల్లి తమదనుకుని పొరపాటున తన గడపకు తగిలించేసింది. ఒక్క తెర మారింది, పెళ్లామే మారిపోయింది!"

అందరూ విరగబడి నవ్వారు. సెయిల్ కూడా నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది?

పొరపాటట! అందరూ పందెం చూడ్డానికి పోయాక, ఎవరైనా వస్తారేమోనని హడావుడిగా, ఆమె కావాలనే తగిలించింది. మేక దభీమని గడపలో పడినప్పుడు ఎంత సంబరపడిందో, ఆ తర్వాత అంత బెంగ పట్టుకుంది. ఆ మేక తనది కాదు. ఈ మనిషీ తనవాడు కాడు. అతను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు, నిజమే. అయినా అతను కొండ దిగువకు చూస్తూ కూర్చున్నప్పుడల్లా, అటు కాపురానికి పోయిన బురుల్ కోసమేనేమోనని ఆమె ప్రాణం ఉసూరుమనేది. ఒక్కసారి "నీ కోసమే పడేశానే" అంటే చాలు, ఇంకేమీ వద్దు.

"నిజమేనా తాతా? గడప తప్పావా?" నూర్జమాల్ ఈసారి కెరిమ్‌బాయ్‌ని అడిగింది.

సెయిల్ పాలు పొయ్యడం మాని అతని వైపే చూసింది.

అతను మీసాలకు అంటిన గుర్రపు పాలు తీరిగ్గా తుడుచుకున్నాడు. "మేక ఎక్కడ పడితే ఆ ఇంటిదేనమ్మా. ఆటలో అంతే," అన్నాడు.

వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. సెయిల్ గిన్నెలు కడుగుతూనే ఉంది. కడిగినదాన్నే మళ్లీ కడుగుతోంది.

"ఏమయ్యా," అంది, అటు తిరిగే. "ఎలాగూ ఊరంతా నవ్వింది. నాకైనా నిజం చెప్పు. ఆ తెర లేకపోతే ఆ మేక బురుల్‌దేగా?"

"అవును," అన్నాడు కెరిమ్‌బాయ్. "తెర చూసే నీ గడపలో పడేశాను."

ఇన్నేళ్ల ఆశా ఆ ఒక్క మాటతో చప్పబడిపోయింది. ఆమె కళ్లొత్తుకుంది. "అదేగా నేనూ అంటున్నది. బురుల్ వాళ్ల ఇల్లనుకుని..."

"బురుల్ వాళ్లు తెరను ఏనాడైనా తలకిందులుగా తగిలించారటే పిచ్చిదానా? కొమ్ములు నేల చూస్తున్నాయి, గుర్రం మీంచే కనబడ్డాయి. అది మీ గడపని, నీ పనేనని అప్పుడే తెలిసింది. నా కోసం దొంగతనానికి దిగిన పిల్లను చూశాక, గుర్రాన్ని ఇంకో గడపకు ఎలా తిప్పనే?"