గోడకుర్చీ

"ఐ యామ్ జంపింగ్!" అంటూ కొత్త టీచరమ్మ గెంతింది. నేల మీద ఆగి, "ఐ జంప్డ్!" అంది. ఇంగ్లీషు వ్యాకరణం ఒంటబట్టాలంటే ముందు ఒళ్లు కదలాలన్నది ఆవిడ సిద్ధాంతం.

క్లాసు గుడ్లప్పగించి చూసింది.

ఉద్యోగం ఇచ్చే ముందు చెప్పించి చూసే పాఠం ఇది. ఇదివరకు వెళ్లిన బళ్లన్నీ "కబురు చేస్తాం" అని సాగనంపాయి. పొద్దున మరిది ఎకసెక్కమాడనే ఆడాడు.

"తలుపు తీసే ఉంచుతాలే వదినా. గంటలో వచ్చేస్తావుగా!"

లోపలికి పంపుతూ అటెండరూ ఓ మాట చెప్పాడు. "మొహమాటపడకండి మేడమ్. మామూలు క్లాసే అనుకోండి. హెడ్మాస్టరుగారు అంతా గమనిస్తారు."

"టీచర్, ఒకటికెళ్లాలి!" కిటికీ పక్కన ఓ చెయ్యి లేచింది.

"టీచర్, ఇది నా పెన్సిలు కొరికేసింది!" ముందు బెంచీ ఫిర్యాదు.

"చాడీలు చాలు. ముందు లేచి గెంతండి."

గెంతారు. బెంచీలు కిర్రుమన్నాయి.

చివరి బెంచీ మాత్రం లొంగలేదు. అక్కణ్నుంచి కాగితం విమానం వచ్చి ఆవిడ జడలో దిగింది. తర్వాత ఓ మేక అరిచింది. దానికి జవాబుగా ఇంకో మేక, అదీ ఆ గొంతులోంచే. క్లాసు పగలబడి నవ్వింది.

ఆవిడకు ఇంటి దగ్గర తీసి ఉంచిన తలుపు కళ్లముందు మెదిలింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్ మేకా! ఇలా వచ్చి గోడకుర్చీ వెయ్యి!"

క్లాసంతా మేక వైపు తిరిగింది.

"ఏం, చెవుడా? వీపు గోడకానించు. మోకాళ్లు వంచు. 'ఐ యామ్ సిట్టింగ్' అంటూ ఉండు. నేను లెమ్మనేదాకా 'ఐ శాట్' అన్నావో, చూడు!"

"ఐ యామ్ సిట్టింగ్... ఐ యామ్ సిట్టింగ్..."

గొంతు సన్నగిల్లింది. తొడలు వణికాయి.

"ఏం చేస్తున్నాడర్రా?" క్లాసును అడిగింది.

"హీ ఈజ్ సిట్టింగ్!" బెంచీలు ఎగిరిపడ్డాయి. "హీ ఈజ్ షేకింగ్!" "హీ ఈజ్ స్వెటింగ్!" వ్యాకరణం అంత సంబరంగా ఎక్కడా పలికి ఉండదు. ఒకటికెళ్లాలన్న చెయ్యి కూడా చప్పట్లు కొడుతోంది.

గంట మోగింది. "ఇక లే," అందావిడ.

"ఐ శాట్!" అంటూ మేక చతికిలబడింది.

పిల్లల వేషాలు చాలించిన లెక్కల మాస్టారూ, డ్రాయింగు టీచరమ్మా చెరో రెక్కా పట్టి పైకి లేపగా, హెడ్మాస్టరు నడుం పట్టుకుని మూలుగుతూ, "సెలవులయ్యాక సోమవారం బడి తెరుస్తాం, అసలు పిల్లలకు చెబుదువుగాని రా తల్లీ," అన్నాడు.