ఎడమకి జరిపిన గురి

"అందులో గుండు లేదు కదా?" శాంత అలా అడగడం నాలుగోసారి.

గిరీష్ విసుక్కోలేదు. రైఫిల్ వెనక భాగం మళ్ళీ తెరిచి, ఖాళీగా ఉందని చూపించాడు. "ఎయిర్ రైఫిల్ శాంతా. గాలి కూడా తీసేశాను."

వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద రైఫిల్. పక్కన పోస్టులో వచ్చిన చిన్న పెట్టె. అందులో గురి చూసుకునే కొత్త సైటు, దాన్ని ఎడమకి జరిపి నిలబెట్టే ఇనుప పట్టీ. ముందు సైటు నిన్ననే జరిపాడు. ఇవాళ వెనకది.

ఐర్లాండ్‌లోని ఈ కాజిల్‌బార్ ఊరి అవతల ఫ్యాక్టరీలో రోజంతా యంత్రాలు బిగించే చేతులవి. ఇవాళ మాత్రం మర మొదటి చుట్టులోనే జారిపోతోంది.

ఎదురుగా కూతురు సుధేష్ణ కూర్చుంది. పదహారేళ్ళు. షూటింగ్ క్లబ్బులో కుడి కంటితో గురి చూసేది. ఆర్నెల్లుగా ఆ కంటికి వెలుతురూ చీకటీ తప్ప ఇంకేమీ తెలియదు. కుడి భుజం అలవాటు మార్చుకోలేకపోయింది. అందుకని సైటునే ఎడమ కంటి ముందుకు తేవాలి. కుదిరితే శనివారం మళ్ళీ క్లబ్బుకి. కుదరకపోతే రైఫిల్ ఇచ్చేద్దామని తనే అంది. ఆ మాట అన్న రోజు అన్నం తినలేదు.

తలుపు చప్పుడైంది. నాలుగిళ్ళ అవతలి జ్ఞానేశ్వరి. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దక్క. తడి గొడుగు మూలన పెట్టి, బల్ల వైపు చూసి ఆగిపోయింది.

"ఇంకా ఉంచారా దీన్ని?"

"కూర్చో అక్కా, టీ పెడతాను," అంది శాంత.

"చక్కెర వెయ్యకు. ఆ జీపీ డాక్టర్ మానేయమన్నాడు. కాస్త తేనె వెయ్యి."

"తేనె లేదక్కా."

"నీ ఇంట్లోనా? మావాడి దగ్గుకి నువ్విచ్చిందేగా! నాకంటే దాచుకుంటావేం?"

"చాక్లెట్ బిస్కెట్స్ ఉన్నాయి ఆంటీ," అంటూ సుధేష్ణ డబ్బా ముందుకు జరిపింది.

జ్ఞానేశ్వరి ఒకటి తీసుకుంది గానీ కొరకలేదు. "నేనప్పుడే చెప్పాను గిరీషూ. ఆడపిల్లకి తుపాకీ ఏంటని. వింటేనా? కన్ను పోయాక కూడా మళ్ళీ అదే పని."

"అది కాదక్కా..." శాంత గిన్నె పట్టుకునే వెనక్కి తిరిగింది. "అసలు..."

"అమ్మా, టీ పొంగుతోంది." సుధేష్ణ ఆంటీ వైపు చూసింది. "ఇట్ వాజ్ మై ఫాల్ట్ ఆంటీ. క్లబ్‌లో గ్లాసెస్ పెట్టుకోకుండా నిలబడ్డా. చిన్న ముక్క ఎగిరొచ్చి తగిలింది. అంతే."

ఎవరడిగినా ఇంతే చెబుతుంది. ఒక్క పదం మారదు.

గిరీష్ తల ఎత్తలేదు. మర మీద అతని వేళ్ళు కాసేపు ఆగి, మళ్ళీ తిరిగాయి.

"అయింది. చూడు తల్లీ," అన్నాడు చివరికి. "గోడకి ఏదైనా చుక్క పెట్టు శాంతా."

శాంత తన నుదుటి మీది బొట్టు బిళ్ళ తీసి, హాలు చివరి గోడకి అతికించింది. గబగబా వచ్చి కూతురి వెనక నిలబడింది.

సుధేష్ణ రైఫిల్ ఎత్తి కుడి భుజానికి ఆనించుకుంది. చెంప వాల్చింది. కుడి కన్ను మూయలేదు. మూయాల్సిన పని లేదు.

"కొంచెం ఎడమకి నాన్నా... ఇంకొంచెం... స్టాప్."

గిరీష్ సైటు మీంచి చెయ్యి తీశాడు.

"అమ్మ బొట్టు కనిపిస్తోంది," అంది సుధేష్ణ. "గుండ్రంగా. మధ్యలో."

గిరీష్ మర గట్టిగా బిగించాడు. శాంత సింకు దగ్గరికి వెళ్ళి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. నీళ్ళ చప్పుడులో ఇంకేమీ వినిపించలేదు.

జ్ఞానేశ్వరి టీ సగంలోనే వదిలేసింది. గుమ్మం దాకా సాగనంపిన శాంత చెయ్యి పట్టుకుంది.

"నా మాటకి ఏమీ అనుకోకే. బిడ్డ కన్ను తీసినదాన్ని ఇంట్లోనే పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ పిల్లకి దాని మీద కోపమన్నా రాదేంటే?"

శాంత నోరు తెరిచింది. వెనక నుంచి వచ్చిన సుధేష్ణ తల్లి భుజం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా దగ్గరికి లాక్కుంది.

"బై ఆంటీ. వాన ఎక్కువవుతోంది, జాగ్రత్త."

తలుపు మూసుకుంది.

ఆర్నెల్ల కిందట ఏ ముక్కా తగలకుండానే ఎర్రబడిన ఆ కంటిలో, జీపీ దగ్గర వారం దాకా ఖాళీ లేదన్నారని, అరకు నుంచి తెచ్చుకున్న తేనె మూడు రోజులు పొద్దునా సాయంత్రం చుక్క చుక్కగా వేసింది శాంతే.