మూడు పూలు తీసేస్తే

"లోపలికి రావద్దు మేడం! పిల్లకు అమ్మవారు పోసింది."

తడికకు గుచ్చిన వేపమండ చూసి నిర్మలాదేవి టీచర్ వాకిట్లోనే ఆగిపోయింది. చర్ల నుంచి సగం దారి స్కూటీ మీద, సగం కాలినడకన పడుతూ లేస్తూ వచ్చింది పాపం. మనోజ్ఞ బడికి రాక ఆరు రోజులు. పోటీ పరీక్షకు బడి తరఫున ఒక్క పేరు ఇవాళే పంపాలి. నెగ్గితే భద్రాచలంలో హాస్టలు, ఇంటర్ దాకా ఉచితంగా చదువు.

"మీ ఆయన ఏడి ముత్తక్కా?"

"వైరా కాడ మిరపకాయ ఏరను పోయిండు. ఊళ్ళె సగం మంది పిల్లాజెల్లతోటి గాడనే ఉన్నరు." ముత్తక్క ఎండబోసిన ఇప్పపువ్వు జరిపి పీట వేసింది.

"అయాన్ల పాఠం అయిన మర్నాటి నుంచే మానేసింది. ఆ పాఠం రాకపోతే దాని పేరు పంపి లాభం లేదు. క్లాసులో దాని తర్వాత రాజేషే, వాడి పేరు రాసేస్తాను."

ముత్తక్క ముఖం వాడిపోయింది. "గట్లనకుండ్రి మేడం. దానికి అన్ని వచ్చు. నేను పువ్వు ఏరుతుంటే పక్కన కూసొని పైకే సదువుతది. గొంతు నొస్తుంది, గట్టిగ మాట్లాడలేదు. మీరు అడుగుండ్రి, నేను పోయి అడిగొస్త."

టీచర్ సరేనంది. మొన్న స్కాలర్‌షిప్ కాగితం మీద వేలిముద్ర వేసిన తల్లి కూతురికి జవాబు అందిస్తుందన్న భయమైతే లేదు.

"సోడియం పరమాణు సంఖ్య పదకొండు. ప్లస్ ఒకటి అయాన్‌లో ఏవి ఎన్ని?"

ముత్తక్క గుప్పెడు ఇప్పపూలు తీసుకుంది.

"పూలెందుకు?"

"పెట్టి చూస్తేనే లెక్క తెగుతది."

లోపల గుసగుసలు వినిపించాయి. కాసేపటికి బయటికొచ్చింది. "ప్రోటాన్లు పదకొండు, ఎలక్ట్రాన్లు పది."

"క్లోరిన్ పదిహేడు. మైనస్ ఒకటి అయితే?" క్లాసులో సగం మంది పదహారని బోల్తాపడే ప్రశ్న ఇది.

"ఎలక్ట్రాన్లు పద్దెనిమిది. మైనస్ అంటే ఒకటి వచ్చి చేరినట్టంట."

టీచర్‌కు ముచ్చటేసింది. "అల్యూమినియం పదమూడు. ప్లస్ మూడు."

ఈసారి ఆలస్యమైంది. ముత్తక్క నుదుటి నిండా చెమట. "ఎలక్ట్రాన్లు పది."

"మరి ప్రోటాన్లు ఎందుకు తగ్గలేదు?"

ముత్తక్క మళ్ళీ లోపలికి పోయి వచ్చింది. "అవి నడిమిట్ల కూసున్నయంట, కదలవంట. వచ్చేటియి పోయేటియి బయటియేనంట."

జ్వరంలోనూ ఇంత గట్టిగా ఉన్న పిల్లను తలుచుకుంటే టీచర్ కళ్ళు చెమర్చాయి. మనోజ్ఞ పేరు రాసి, కాగితం ముందుకు జరిపింది. ముత్తక్క వేలిముద్ర వేసింది.

"సోమవారం కల్లా తోలుకొస్త మేడం. ఒట్టు."

టీచర్ లేచేసరికి గాలికి తడిక ఓరగా జరిగింది. నేల మీద పది ఇప్పపూలు వరసగా, మూడు విడిగా కనిపించాయి.

లోపల ఎవరూ లేరు. మంచం ఖాళీగా ఉంది.