కుడిచేతి కొడుకు

"బిడ్డనివ్వండి అత్తయ్యగారూ," అంటూ పాస్టరైన మా అల్లుడు చర్చిలో అందరి ముందూ కుడిచెయ్యి చాచాడు.

నేనివ్వలేదు. "పేరేంటో ముందు చెప్పు."

"బెన్యామీను."

జనమంతా ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా కూతురు కాన్పు మంచం మీద ప్రాణం పోతుండగా పెట్టిన పేరు బెనోని. నేను పక్కనే ఉన్నాను."

అతను నవ్వి, ప్రసంగం చెప్పే గొంతుతో అందుకున్నాడు. "బెనోని అంటే నా దుఃఖపు కొడుకు. ఆ పేరుతో పిల్లాణ్ణి ఎలా పిలుస్తాం? బైబిల్లో రాహేలూ కాన్పులో చనిపోతూ అదే పేరు పెట్టింది. ఆమె భర్త యాకోబు మార్చాడు. వంశావళిలో మిగిలింది బెన్యామీనే. అంటే కుడిచేతి కొడుకు."

ముందు వరుసలో తలలూగాయి. "పాపం, పెద్దావిడ దిగులు," అని ఎవరో సర్దబోయారు.

నేను మైకు దగ్గరికి జరిగాను.

"ప్రార్థన చాలు, కత్తి వద్దంటూ, ఆపరేషన్ గదికి తోసుకెళ్తున్న స్ట్రెచర్ని పట్టుకుని ఆపింది ఈ కుడిచెయ్యేగా నాయనా?"

చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఈసారి ఆమెన్ అన్నవాడు లేడు.