లాగినా రాని రగ్గు

"బరువుగా ఉండాలమ్మాయ్. ఎంత లాగినా రానంత బరువుగా ఉండాలి," అన్నాడు ఐసు బాబాయి.

దుప్పట్ల కొట్టు నడిపే అమ్మాయి మడతపెడుతున్న నూలు దుప్పటిని అలాగే పట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది.

"కప్పుకోవడానికా బాబాయ్, లారీకి కట్టడానికా?"

"మీ పిన్నికే తల్లీ."

ఐసు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లుగా దిమ్మలు మోస్తున్న మనిషి. అందుకే వీధి వీధంతటికీ ఐసు బాబాయి అయిపోయాడు. చీకటితోనే పనిలోకి వెళ్తాడు, ఎండ నడినెత్తికి వచ్చేవేళకు బిగుసుకుపోయిన వేళ్లతో ఇంటికొస్తాడు, నాలుగు మెతుకులు తిని భార్య పక్కన ఓ కునుకు తీస్తాడు. అసలే చలికాలం, ఇద్దరికీ ఒకటే రగ్గు. వచ్చిన చిక్కంతా ఆ రగ్గుతోనే.

పిన్ని ఇంట్లో కుట్టుమిషను తొక్కుతుంది. మొన్న మిషను ముందు నుంచి లేవబోతే మోకాళ్లు పట్టేసి, బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయింది పాపం. మోకాళ్లకు చలి తగలనివ్వొద్దనీ, అశ్రద్ధ చేస్తే కర్ర పట్టుకోవాల్సి వస్తుందనీ డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచి బాబాయికి ముద్ద దిగడం లేదు.

"నావల్లే అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "పడుకునేటప్పుడు చెరిసగం కప్పుకుంటాం. లేచేసరికి రగ్గంతా నా మీదే. ఆవిడేమో గోడవైపు తిరిగి, చీరకొంగు మోకాళ్ల మీదకు లాక్కుని, పిల్లికూనలా ముడుచుకుని ఉంటుంది. పైగా చివర్లు కూడా నా కాళ్ల కింద దోపి ఉంటాయి. నిద్రలో కూడా ఎంత దొంగబుద్ధో చూడు!"

"పిన్ని ఏమీ అనదా?"

"అనదే! అదే నన్ను చంపేస్తోంది. నాలుగు తిట్టినా కడుపు చల్లబడేది."

"ఎన్నాళ్లనుంచి ఈ రోగం?"

"పెళ్లయిన కొత్తలో ఓసారి ఐసుగది తలుపు మూసుకుపోయి లోపల ఇరుక్కుపోయాను. బయటికి తీసేసరికి కట్టెలా కొయ్యబారిపోయానట. వారం రోజులు మీ పిన్ని నా మంచం దగ్గరనుంచి కదల్లేదు. అదిగో, అప్పుడు పట్టుకుంది ఈ లాగే జబ్బు. ఒంటికి ఆ చలి ఇంకా గుర్తుందేమో!"

ఆ అమ్మాయికి జాలేసిందో నవ్వొచ్చిందో, ముందు దూది రజాయి తీసి పరిచింది. బాబాయి బల్లమీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుని ఒక్క లాగు లాగాడు. మొత్తం వచ్చి ముఖం మీద పడింది.

"వద్దమ్మా. మహా మంచిది ఇది, పిలవగానే వచ్చేస్తోంది."

కంబళి చూపించింది. బరువు బాగానే ఉంది గానీ, గరుకు. పిన్నికి ఊలు తగిలితే దద్దుర్లు. ఆఖరికి పాతచీరలు పొరలుపొరలుగా వేసి కుట్టిన బొంత తెచ్చింది. ఎత్తబోతే బాబాయి నడుమే కలుక్కుమంది.

"ఇదైతే లాగలేను. కానీ ఇంత బరువు ఆ మోకాళ్ల మీద పడితే..."

"రగ్గుని పరుపుకి కుట్టేయ్ బాబాయ్, గొడవ వదులుతుంది!"

"అదీ అయింది తల్లీ. ఆవిడవైపు అంచుకి నాలుగు పిన్నీసులు పెట్టాను. లేచి చూస్తే నాలుగూ దిండు కిందే. నిద్రలో పిన్నీసులు విప్పే మొగుణ్ణి ఎక్కడైనా చూశావా?"

ఆ అమ్మాయి పకపకా నవ్వి, కళ్లు తుడుచుకుని, "అయితే నీకు కావలసింది బరువు కాదు. చెరొకటి తీసుకో. నీది నీకు, పిన్నిది పిన్నికి," అంది.

బాబాయి మనసు చివుక్కుమంది. ఒకే రగ్గు కింద ముప్ఫై ఏళ్లు గడిపి, ఇప్పుడు చెరొకటా? కానీ మిషను బల్ల పట్టుకుని నిలబడ్డ మనిషి కళ్లముందు మెదిలింది. పిన్నికి మందంగా, మెత్తగా ఉన్న ఎర్ర రగ్గు ఏరాడు. తనకు పల్చటి బూడిదరంగుది చాలనుకున్నాడు. తప్పు చేసినవాడికి అదే ఎక్కువ.

ఇంట్లో మూట విప్పగానే పిన్ని ముఖం వాడిపోయింది.

"రెండెందుకండీ?"

"నీకొకటి, నాకొకటి."

"ఇన్నేళ్లకు వేరుకాపురమా?"

"అంత మాటనకే. నీ మోకాళ్లను పాడుచేసింది నేనే. రోజూ నీ మీది రగ్గు లాగేసుకుంటున్నాను. నువ్వు కడుపులో దాచుకుంటున్నావు గానీ, నాకు తెలియదనుకున్నావా?"

పిన్ని దగ్గరికొచ్చి కూర్చుంది. ఆయన చేతులు తన చేతుల్లోకి తీసుకుని, "ఇవాళ మరీ చల్లగా ఉన్నాయేం?" అంది.

"మాట మార్చకు!"

"సరే, మార్చను. పడుకోండి."

బాబాయే ఎర్ర రగ్గు తీసి ఆమె మోకాళ్ల చుట్టూ, పసిపిల్లకు చుట్టినట్టు చుట్టాడు. తన పల్చటిది తాను కప్పుకున్నాడు. ఈ దొంగచేతుల్ని నమ్మడానికి లేదని రెండింటినీ తొడల కింద పెట్టుకుని బిగించాడు. ఇవాళ నిద్రపోకూడదు, ఈ చేతులు ఎప్పుడు లేస్తాయో పట్టుకోవాలి అనుకున్నాడు. కిటికీలోంచి ఎండ పరుపు మీదకు పాకింది. కళ్లు మూసుకుని, నిద్రపోయినవాడిలా మెల్లగా ఊపిరి తీస్తూ కాపు కాశాడు.

కాసేపటికి మంచం కిర్రుమంది. మెత్తగా, వెచ్చగా ఇంకో రగ్గు వచ్చి ఒంటిమీద పడింది. అప్పుడే లాగేశానా? వేళ్లు కదిపి చూసుకుంటే రెండు చేతులూ తొడల కిందే ఉన్నాయి. భయంభయంగా కళ్లు సగం తెరిచాడు.

పిన్ని ఎర్ర రగ్గు చివర్లు ఆయన కాళ్ల కింద దోపుతోంది.