వెర్నన్ టక్ తీర్పు

"తప్పు" అన్నాడు వెర్నన్ టక్.

టామ్‌సిన్ అప్పుడే మాట ముగించింది. ఆమె వెంట నడుస్తున్న ఇరవై మందీ వెనక్కి తిరిగి చూశారు. గుంపుకు చివర చేతులు కట్టుకుని, దూరంగా కనిపిస్తున్న పాత రైలింజన్ల కార్ఖానా కప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు ముసలాయన.

స్విండన్ ఊరు చూపించడానికి మా వారసత్వ సంఘం ఎక్కడో దూరాన ఉన్న కెంట్ జిల్లా నుంచి ఒక పిల్లను తెచ్చుకుంది. అసలు ఆ సంఘమే ఒక వింత. సభ్యులంతా గుట్ట మీది పాత ఊరి వాళ్ళు. దిగువన రైలింజన్లు తయారైనన్నాళ్ళూ ఆ మసి తమ కిటికీల మీద పడుతోందని విసుక్కున్నవాళ్ళే. కార్ఖానా మూతపడ్డాక దానిమీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

రెండేళ్ళు వెతికితే టామ్‌సిన్‌కు దొరికిన ఉద్యోగం ఇది. ప్రతి ఆదివారం గుట్ట మీద మొదలుపెట్టి, కిందికి దిగుతూ ఊరి కథ చెప్పాలి. లండన్ నుంచి ఇక్కడిదాకా దారి దాదాపు చదును, ఇక్కడి నుంచి పడమటికి వాలు ఎక్కువ, అందుకే ఇంజన్లను ఇక్కడ మార్చేవారని చెప్పింది. జనం తలలూపారు. టక్ ముక్కుతో నవ్వి, తప్పన్నాడు. రైలు గుట్ట ఎక్కలేక కింద నుంచి పోయింది కాబట్టే ఒక్క ఊరు రెండూళ్ళయిందని చెప్పింది. అదీ తప్పే.

మరి ఒప్పేమిటో చెప్పమని ఎవరైనా అడిగితే జవాబివ్వకుండా ముందుకు నడిచేవాడు. ఆ నిర్లక్ష్యం చూసి జనానికి ఆయన మీద ఇంకా గురి కుదిరేది. ముప్పై రెండేళ్ళు బాయిలర్ల ఇనప రేకులకు సుత్తితో రివెట్లు కొట్టిన మనిషాయె. ఈ పిల్ల చూస్తే నాలుగు పుస్తకాలు చదివి వచ్చింది.

ఆమె ఇంకో నాలుగు చదివింది. ఒక పాత పత్రికలో టక్ స్వయంగా రాసిన ఉత్తరం దొరికితే, మరుసటి ఆదివారం అక్షరం పొల్లుపోకుండా దాన్నే అప్పజెప్పింది.

"తప్పు. కెంట్‌లో అలా చెప్పుకుంటారేమో" అన్నాడు టక్. జనం పగలబడి నవ్వారు.

చివరికి సంఘం విచారణ పెట్టి టక్‌ను పిలిపించింది. ఆయన కూర్చోనైనా కూర్చోకుండా, ఆ పిల్ల చెప్పేదంతా తప్పేననీ, మీకూ ఏమీ తెలియదనీ అనేసి, ప్రశ్నలకు ఆగకుండా టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పనిమంతుడి మాట ఇలా సూటిగా ఉంటుందని అధ్యక్షుడు మురిసిపోయాడు. ఒక్కనాడూ ఆ కార్ఖానా గేటు దాటి ఎరగని పెద్దమనిషి ఆయన. ఆ నెలాఖరుకు టామ్‌సిన్ ఉద్యోగం ఊడింది.

పెట్టె సర్దుకుని స్టేషన్‌కు పోతూ, రైల్వే వాళ్ళ రాతి ఇళ్ళ వరసలో టక్ ఇంటి ముందు ఆగింది. ఆయన భార్య ఓలివ్ తలుపు తీసి పెరట్లోకి తీసుకెళ్ళింది. ముసలాయన అటు తిరిగి గులాబీ కొమ్మలు కత్తిరిస్తున్నాడు.

"టక్ గారూ, నా ఉద్యోగం ఎలాగూ పోయింది. నేను చెప్పినదాంట్లో తప్పేమిటో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చెప్పండి."

ఆయన తిరగలేదు. కత్తెర ఆడుతూనే ఉంది.

ఇన్నాళ్ళ అవమానమూ ఒక్కసారి ఎగదన్నుకొచ్చింది. గొంతు చించుకుని అదే మాట మళ్ళీ అడిగింది. ఆయన ఎండుకొమ్మ ఒకటి తుంచి అవతల పారేశాడు.

ఓలివ్ ఆమె చేతిలో టీ కప్పు పెడుతూ అంది:

"ఎంత అరిచినా లాభం లేదమ్మా, ఆ రివెట్ల మోతకి ఆయన రెండు చెవులూ పోయి ఇరవయ్యేళ్ళయింది."